గోడ మీద చాడీకోరు

ఫిబ్రవరి 3, మంగళవారం

ఇవాళ మా ఇంట్లో గోడకి గాజు అంటించారు.

నివేస్ గదిలో. నివేస్ గది అని రాయడానికే చెయ్యి రావడం లేదు. అది అమ్మ గది. అమ్మ తర్వాత నాకు రావలసింది. మా తమ్ముడు బచీచా ఆ కొండప్రాంతం మనిషిని పెళ్ళి చేసుకుని తెచ్చాక వాళ్ళ గది అయి కూర్చుంది. తమ్ముడు పోయాడు. మరదలు మాత్రం తిష్ట వేసుకుని అందులోనే ఉంది. మా ఇల్లు సాన్ మకారియో చర్చిని ఆనుకుని ఉంటుంది కదా, ఆ గది గోడా చర్చి గోడా ఒకటే. గోడలో చేతిరుమాలంత కిటికీ, దానికి ఇనప చువ్వలు. తల వంచి చూస్తే కింద చర్చిలో బలిపీఠం కనబడుతుంది. అమ్మ చివరి రోజుల్లో మంచం దిగకుండానే పూజ విన్నది. నివేస్ ఆ కిటికీకి అడ్డంగా బట్టల బీరువా పెట్టించింది. చలిగాలి వస్తోందట.

చర్చి ముందు మెట్రో స్టేషన్ కోసం గొయ్యి తవ్వుతున్నారు. అందుకని చుట్టుపక్కల ఇళ్ళ గోడలన్నీ చూసుకుంటూ ఒకాయన వచ్చాడు. పేరు గవీనో. మనిషి పొట్టి, చేతులు పెద్దవి, మాట మెత్తన. గోడలో వెంట్రుకంత బీట ఒకటి మాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది. దానికి అడ్డంగా వేలెడు గాజుపట్టీ పెట్టి, రెండు కొసల మీదా ప్లాస్టర్ ముద్ద మెత్తి, ముద్ద మీద పెన్సిల్‌తో తేదీ రాశాడు. గోడ ఏమాత్రం కదిలినా ఆ గాజు పుటుక్కుమంటుందట.

“దీన్ని మేం స్పియా అంటామండీ,” అన్నాడు.

చాడీకోరు! బళ్ళో మేం టీచరుకి చాడీలు మోసే పిల్లని పిలిచిన పేరే.

“ఎవరి మీద చెబుతుందండీ చాడీలు?” అన్నాను.

“గోడ మీద.”

“ఈ ఇంట్లో చాడీలకి గాజులెందుకండీ, మా వదిన ఉందిగా,” అంది నివేస్, పకపకా నవ్వుతూ.

ఆయనా నవ్వాడు. నవ్వకపోతే బాగుండదని నేనూ నవ్వాను. గాజు చూడటానికి ప్రతి మంగళవారం వస్తాడట.

ఫిబ్రవరి 4

ఆయనది సార్డీనియా. భార్య పోయి చాలాకాలమైంది. నేను అడగలేదు, నివేస్ అడిగింది. దానికి సిగ్గెక్కడిది.

ఫిబ్రవరి 10, మంగళవారం

అమ్మ కెంపుల పిన్ను తీసి పెట్టుకున్నాను. మంగళవారం అని కాదు, పెట్టెలో పడి నల్లబడిపోతోందని.

పొద్దున్నే వచ్చాడు. గాజు నిక్షేపంలా ఉంది. వంటింట్లో కూర్చోబెట్టి పాలకాఫీ ఇచ్చాను, పక్కన ఇప్పుడే పొయ్యి లోంచి తీసిన ఫొకాచా రొట్టె. నేను తుంచి కాఫీలో ముంచుకోగానే ఆయన కళ్ళు పెద్దవి చేశాడు.

“ఉప్పు రొట్టె, నూనె రొట్టె, తీపి కాఫీలోనా!”

“ముందు ముంచండి. మాటలు తర్వాత.”

ముంచాడు. తిన్నాడు. ఇంకో ముక్కకి చెయ్యి చాపాడు. “జెనోవా వాళ్ళు పిసినారులని విన్నాను గానీ మంచి సంగతులు కూడా దాచుకుంటారని తెలియదండీ,” అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఈ వంటింట్లో నేను నవ్వి ఎన్నాళ్ళయిందో.

స్టేషన్ ఎక్కడి దాకా వస్తుందని అడిగాను. ప్లాట్‌ఫారం సరిగ్గా పీఠం కిందికి వస్తుందట. బండి కోసం నిలబడ్డవాళ్ళ నెత్తి మీద సాన్ మకారియో పాదాలన్నమాట. స్టేషన్‌కీ ఆయన పేరే పెడతారని ఫాదర్ ప్రోస్పెరో పండగ చేసుకుంటున్నాడు.

“అంత పాత చర్చి కింద బండి దూరిస్తే పునీతుడికి నిద్ర పట్టొద్దా?” అన్నాను.

“మీ పునీతుడు మొద్దునిద్ర మనిషండీ. మధ్యయుగం నుంచి ఒక్కసారి కూడా పక్కకి ఒత్తిగిలినట్టు లేదు. మీ గోడే సాక్ష్యం.”

అంతలో నివేస్ తల తుడుచుకుంటూ వచ్చింది, ఇంట్లో తొడుక్కునే గౌనులోనే. ఇక ఆయన నాతో మాట్లాడింది లేదు.

ఫిబ్రవరి 17, మంగళవారం

బీట పైకి ఎంత దూరం పోయిందో చూడాలని గవీనో గారు బీరువా జరిపించాడు. కిటికీ తెరుచుకుంది. కింద ఎవరో ఆడమనిషి కొవ్వొత్తి వెలిగిస్తోంది. పీఠం, పాత ఎర్రదీపం, తడి రాళ్ళ వాసన. అమ్మ తలగడ ఎక్కడ ఉండేదో అక్కడ నిలబడ్డాను. ఏడుపు ఆపుకోలేకపోయాను.

“ఈ వారానికి ఇలాగే ఉండనీయ్ నివేస్. ఆదివారం దాకా.”

“పూజ వినాలంటే మెట్లు దిగు వదినా. దేవుడు కిందే ఉన్నాడు, నా పడకగదిలో లేడు.”

గవీనో గారు నేల చూపులు చూశాడు. తర్వాత బీరువా వెనక్కి తోశాడు. అది తొయ్యమంది, ఆయన తోశాడు.

ఫిబ్రవరి 24, మంగళవారం

రేపు బూడిద బుధవారం, ఉపవాసాలు మొదలు. నేనూ పిండివంటలు చేశాను, అదీ చేసింది. ఆయన దానివే తిన్నాడు. నావి నూనె పీల్చాయట. అది అంది, ఆయన కాదనలేదు.

మార్చి 3

కెంపుల పిన్ను పెట్టెలో పెట్టేశాను.

మార్చి 8, ఆదివారం

ఆదివారం కూడా వచ్చాడు. గోడలు ఆదివారాలు కదులుతాయా? ఆడవాళ్ళ దినమని పసుపుపచ్చ మిమోజా పూలు తెచ్చాడు, ఇద్దరికీ చెరో కొమ్మ. పక్కపక్కన పెట్టి చూశాను. నివేస్ కొమ్మే పెద్దది.

మార్చి 12

మొన్న మా కింద, రెండో అంతస్తులో స్కోట్టో వాళ్ళ గాజు పగిలింది. గంటలో మనుషులు వచ్చారు, సాయంత్రానికల్లా ఆ కుటుంబాన్ని మెట్రో కంపెనీ ఖర్చు మీద నెర్విలో హోటల్‌కి చేర్చారు. ఇవాళ స్కోట్టో పెద్దావిడ దుప్పట్ల కోసమని వచ్చి గుమ్మంలో నిలబడి ఊదరగొట్టింది. కిటికీ తీస్తే సముద్రమట. పొద్దున్నే గదికే కాఫీ, వెన్న, తేనె. పక్క కూడా వాళ్ళే వేస్తారట. జన్మంతా మా సందులో చేపల బుట్టలు మోసిన మనిషి.

“మీ గాజు ఇంకా పగల్లేదా ఎర్సీలియా? అయ్యో పాపం,” అంది.

అయ్యో పాపమట.

మార్చి 22, ఆదివారం

రాయాలా వద్దా అనుకున్నాను. తాళం వేసి పెట్టుకునే పుస్తకమే కదా, రాస్తాను.

భోజనం దగ్గర చెప్పింది. నేను వాల్‌నట్ ముద్ద రోట్లో నూరుతున్నాను. “వదినా, గవీనో నన్ను అడిగాడు. నేను సరేనన్నాను. జూన్‌లో చేసుకుంటాం.”

రోకలి ఆపలేదు. “మంచిది. మీ కొండకి ఎప్పుడు వెళ్తారు?”

“కొండకెందుకు? ఇక్కడే ఉంటాం. ఆయనకి స్టేషన్ పని నాలుగడుగుల్లో. నా వాటా నాకుందిగా.”

“మా తమ్ముడు పడుకున్న మంచం మీద...”

“మంచం మారుస్తాంలే.” అదో రకం జాలితో చూసింది. “నువ్వూ పెద్దదానివి అవుతున్నావు వదినా. మెట్ల మీద కాలు జారితే చూసేవాళ్ళుండొద్దూ? ఇంట్లో మగమనిషి ఉంటే ఎందుకైనా మంచిది.”

ఆ చివరి మాట నా గొంతుతో అంది. ఎందుకైనా మంచిది. అమ్మ మాట, మా అమ్మమ్మ మాట. జెనోవాలో పుట్టిన బిడ్డకి పాలకంటే ముందు ఆ మాట పోస్తారని బచీచాతో కలిసి ఈ నివేసే వెక్కిరించేది. వాడూ నవ్వేవాడు, వెధవ.

నవ్వాను. శుభాకాంక్షలు చెప్పాను. దాని చెంపల మీద ముద్దు కూడా పెట్టాను. నాకు యాభై తొమ్మిది. ఆయనకి యాభై ఆరు. ఏమంత తేడా?

మార్చి 26, గురువారం

నివేస్ బజారుకి వెళ్ళింది. దుమ్ము దులుపుదామని ఆ గదిలోకి వెళ్ళాను. దుమ్ము దులపడానికే.

గాజు పగిలి ఉంది. నిలువునా, ఒకే గీత. కింది ముక్క కొంచెం బయటికి వాలి, ప్లాస్టర్ పట్టుకుని వేలాడుతోంది.

మంచం మీద కూర్చుండిపోయాను. తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఫోను ఎత్తాను. నంబరు తలుపు వెనక ఆయన రాతలోనే ఉంది. సగం తిప్పాను కూడా. ఎత్తి, తిప్పాను, అది నిజం.

అప్పుడు నెర్వి సముద్రం కళ్ళ ముందు కనబడింది. నివేస్ కిటికీ తీసి సముద్రం చూస్తుంది. పక్క మీద కూర్చుని తేనె నాకుతుంది. ఆయన పని దిగి నేరుగా అక్కడికి వెళ్తాడు, ఇద్దరూ ఒడ్డున షికార్లు తిరుగుతారు. నన్ను ఎక్కడ పెడతారో? బీట దాని గదిలో కదా. నన్ను ఈ వంటింట్లోనే ఉండమంటారేమో. ఫోను పెట్టేశాను.

గాజు ఊరికే కూడా పగులుతుంది. చలికి పగులుతుంది. తలుపు ధడాలున వేస్తే పగులుతుంది. నివేస్ వేసేది ధడాలుమనే. ఇంత చిన్న గాజుకి ఇల్లంతా తలకిందులు చెయ్యడం దేనికి? ఆయనే చెప్పాడు, “ఒకటి పగిలితే ఇంకోటి పెడతామండీ” అని. సరే, ఇంకోటి పెట్టాను.

బచీచా ఫోటోలకి చట్రాలు కట్టే దుకాణం నడిపినవాడు. గాజు కోసే వజ్రపు కలం ఇంకా సొరుగులో ఉంది. చిన్నప్పటి నుంచీ వాడి పక్కన నిలబడి చూసినదాన్నే, చెయ్యి తప్పలేదు. గాజుకి డబ్బు తగలెయ్యడం ఎందుకని వాళ్ళ పెళ్ళిఫోటో అద్దమే తీశాను. ఆ అద్దానికి అంచు చుట్టూ బంగారు గీత వేసి ఉంటుంది, వాడి చేతి పనే. మధ్యలోంచి కోస్తే అద్దమంతా పాడు. అందుకని అంచు నుంచి ఒక పట్టీ తీశాను. పట్టీ పొడుగునా ఉన్న బంగారాన్ని చాకుతో గీకేశాను. రెండు కొసల్లో వదిలేశాను, ప్లాస్టర్ కిందకి పోయేదాన్ని ఎవరు చూస్తారు? ప్లాస్టర్ డబ్బా ఆయనే గది మూల వదిలి వెళ్ళాడు. తేదీ కూడా ఆయన రాసినట్టే రాశాను, వంకర మూడుతో సహా.

మిగిలిన అద్దం అమ్మ సాన్ మకారియో బొమ్మకి సరిగ్గా అతికింది. పారెయ్యడం ఎందుకు. మూడు పక్కలా బంగారు గీతతో పునీతుడు కళకళలాడుతున్నాడు.

పెళ్ళిఫోటో సొరుగులో అడుగున పెట్టాను. నివేస్‌కి ఇప్పుడు ఆ ఫోటోతో ఏం పని?

మార్చి 31, మంగళవారం

వచ్చాడు. గాజు వైపు చూశాడు, చూశాడనే అనాలి. కళ్ళు అక్కడున్నాయా అసలు? నివేస్ మంచం మీద కూర్చుని మేజోళ్ళు కుట్టుకుంటోంది.

“బంగారంలా ఉంది,” అన్నాడు.

గాజుని అన్నాడో, దాన్ని అన్నాడో. సంతకం పెట్టుకుని వెళ్ళిపోయాడు. నా వైపు చూసుంటే చెప్పేసేదాన్నేమో. చూడలేదు.

ఏప్రిల్ 2

ఆ గదిలో నేల మీద తెల్లటి పొడి. తుడిచేశాను. బీటలో గోరు పడుతోంది. అమ్మ కాలంలో కూడా పడేదేమో, మేం ఎప్పుడైనా పెట్టి చూశామా?

ఏప్రిల్ 3

మళ్ళీ పొడి. మళ్ళీ తుడిచాను.

ఏప్రిల్ 5, మట్టల ఆదివారం

బీరువా మీద అమ్మ పింగాణీ సూపు గిన్నె ఉంది. మూత మీద నీలం పువ్వులు, అంచు ఎక్కడా పెచ్చు లేవలేదు. “ఈస్టర్‌కి కావాలి, ఇలా ఇవ్వు,” అని నివేస్‌ని అడిగాను.

“ఇంకా వారం ఉందిగా వదినా.”

“కడిగి పెట్టుకుంటాను. ఎందుకైనా మంచిది.”

అది నవ్వి దించి ఇచ్చింది. గుండెలకి ఆనించుకుని తెచ్చి వంటింటి అరలో పెట్టాను. నేను కూడా నాలుగు రోజులుగా వంటింట్లోనే పక్క వేసుకుంటున్నాను. వెచ్చగా ఉంటుందని.

ఏప్రిల్ 7, మంగళవారం

ఆయన వచ్చేసరికి నివేస్ లేదు. పెళ్ళికి బట్ట చూడటానికి వెళ్ళింది. ఇద్దరమే. కాఫీ పెట్టాను, ఫొకాచా తుంచి ఇచ్చాను. తవ్వే యంత్రం పండగ లోపలే చర్చి కింద నుంచి వెళ్ళిపోతుందట.

“ఇంజనీర్లు నన్నే అడిగారండీ, ఆ గోడ సంగతేంటని. రెండో అంతస్తులో పగిలింది కదా, పైన ఎలా ఉందని. పైన గాజు చెక్కు చెదరలేదన్నాను. అయితే ఆగక్కర్లేదన్నారు. మీ గాజు మాటే నేను వాళ్ళకి మోశాను.”

చెబుదామనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, నోటిదాకా వచ్చింది. “గవీనో గారూ, ఒక్క మాట,” అని కూడా అన్నాను.

“చెప్పండి అక్కగారూ.”

అక్కగారు.

“ఇంకో ముక్క తినండి,” అన్నాను.

తిన్నాడు. మూతి తుడుచుకున్నాడు. “ఇక నుంచి మీరు నాకు అక్కగారే కదండీ,” అని, చాలా పెద్ద మర్యాద చేశాననుకుని సంబరపడిపోతూ వెళ్ళాడు.

ఏప్రిల్ 9, పవిత్ర గురువారం

చర్చి గంటలు కట్టేశారు, ఏటా ఈ వారం ఆనవాయితీ. శనివారం దాకా మోగవు. కింద ఎక్కడో ఎవరో పళ్ళు నూరుతున్నట్టు చప్పుడు, పొద్దుటి నుంచీ. అరలో సూపు గిన్నె మూత సన్నగా మోగుతోంది. మూతకీ గిన్నెకీ మధ్య గుడ్డ పెట్టాను.

ఏప్రిల్ 10, శుక్రవారం

నేను రొట్టెల దుకాణం దగ్గర వరసలో ఉన్నాను. నేను ఇంట్లో లేను. నేను వరసలో ఉన్నాను. నా ముందు ఫాదర్ ప్రోస్పెరో వంటామె ఉంది, కావాలంటే ఆమెని అడగొచ్చు.

ఏప్రిల్ 16, గురువారం, నెర్వి

నన్ను ఇక్కడ పెట్టారు. ఇంట్లోకి పోనివ్వడం లేదు. ఆ శుక్రవారం సాయంత్రం ఒకసారి మాత్రం అగ్నిమాపక దళం వాళ్ళు తోడు వచ్చి, కావలసినవి చేతికి అందినన్ని తెచ్చుకోమన్నారు. సూపు గిన్నె, పునీతుడి బొమ్మ, ఈ పుస్తకం, నాలుగు జతల బట్టలు తెచ్చుకున్నాను. సూపు గిన్నెకి ఏమీ కాలేదు.

నివేస్‌ని నిన్న పాతిపెట్టారు. మా చర్చిలో కాదు, అందులో సగం లేదు. పైన కొండ మీద ఇంకో చర్చిలో. గోడ మంచం వైపు ఒరిగిందట. గోడకంటే ముందు బీరువా దాని మీద పడిందట. బీరువా లేకపోతే బతికేదేమోనని అగ్నిమాపక దళం పెద్ద అన్నాడు. ఆ బీరువా అక్కడ వద్దని నేను మొదటి నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. నా మాట ఎవరు విన్నారు?

గవీనో శవపేటిక మీద పడి ఏడ్చాడు. ఇద్దరు పట్టుకున్నారు. నేనూ ఏడ్చాను, నిజంగానే ఏడ్చాను. స్కోట్టో పెద్దావిడ నన్ను పట్టుకుని, “ఎంత ప్రేమగా చూసుకున్నావే మరదల్ని,” అంది.

కిటికీ తీస్తే సముద్రం. అబద్ధం కాదు. తేనె చిన్న చిన్న డబ్బాల్లో ఇస్తారు. తినని వాటిని దాచి పెడుతున్నాను.

ఏప్రిల్ 18

స్టేషన్‌కి సాన్ మకారియో పేరు వద్దంటున్నారట. చర్చి సగం మింగారు, పేరైనా ఉంచండని ఫాదర్ పేపర్లో మొరపెట్టుకున్నాడు.

ఏప్రిల్ 21, మంగళవారం

ఆయన వచ్చాడు! మంగళవారం కదా, అలవాటు. మనిషి సగమైపోయాడు. గడ్డం గీసుకోలేదు. పనిలోంచి పక్కన పెట్టారు. శిథిలాల్లో మా గాజు పగలకుండా దొరికిందట. అంత గోడ ఒరిగితే గాజు ఎలా పగల్లేదు? నువ్వు సరిగ్గా అంటించలేదన్నా అవ్వాలి, చూడకుండానే సంతకాలు పెట్టావన్నా అవ్వాలి, అంటున్నారట. ప్రాసిక్యూటర్ రెండుసార్లు పిలిచాడు. తోటివాళ్ళు పలకరించడం మానేశారట.

“ఆ శుక్రవారం నేనే చంపాను దాన్ని, నా కళ్ళతో నేనే చంపుకున్నాను,” అని తల బాదుకున్నాడు.

చెయ్యి పట్టుకున్నాను. పెద్ద చెయ్యి, చల్లగా ఉంది. “మీ తప్పేం లేదు. నాకు తెలుసు,” అన్నాను.

“నన్ను నమ్మేది మీరొక్కరే అక్కగారూ.”

“అక్కగారు అనకండి. పేరు పెట్టి పిలవండి.”

“సరే ఎర్సీలియా గారూ,” అన్నాడు.

వెళ్ళేటప్పుడు వచ్చే మంగళవారం రమ్మన్నాను. ఫొకాచా తెప్పిస్తానన్నాను. హోటల్ రొట్టె ఆయనకి నచ్చలేదు. పాపం, మనిషికి ఎవరో ఒకరు ఉండాలి కదా.

ఏప్రిల్ 28, మంగళవారం

కెంపుల పిన్ను తేలేదే అని పొద్దున్నుంచీ బాధపడ్డాను. శాలువా కప్పుకున్నాను, నీలం రంగుది.

కిటికీ దగ్గర బల్ల వేయించాను. కూర్చున్నాడు గానీ రొట్టె ముట్టలేదు. ఆ గాజుని ప్రాసిక్యూటర్ గదిలో చూపించారట. ప్లాస్టర్ రాల్చేశాక దాని రెండు కొసల్లోనూ బంగారు గీత ఉందట, కాస్తంత, ఒక గోరంత.

“మా గాజులకి గీతలుండవండీ. అది నాది కాదు. ఎవరో మార్చారు. నాది ఎప్పుడో పగిలిపోయి ఉంటుంది. నేను చెప్పినా వాళ్ళు వినడం లేదు, తప్పించుకోవడానికి కథలల్లుతున్నానంటున్నారు. ఎవరు మారుస్తారండీ? ఎందుకు మారుస్తారు?”

నేను మాట తడుముకోలేదు.

“నివేసే అయి ఉంటుంది,” అన్నాను. “హోటల్‌కి పోవడం దానికి ఇష్టం లేదు. పెళ్ళి దాకా ఆ గది వదలనంది. బచీచా దుకాణం గాజులు ఇంట్లో బోలెడు పడి ఉండేవి.”

మొహం పాలిపోయింది. “నివేసా?”

“మొండిది. మీకు తెలియదు. నేను పాతికేళ్ళు వేగాను.”

బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. తల నిమిరాను. జుట్టు చిన్నపిల్లాడి జుట్టులా మెత్తగా ఉంది. చనిపోయినవాళ్ళకి మాట పడితే ఏమవుతుంది? బతికున్నవాళ్ళకి కదా మేలు జరగాల్సింది. ఈ మాట చెప్పుకుంటే ఆయన కేసు కూడా తేలిపోతుంది. ఆయన మంచికే చెప్పాను.

మే 2

కలలో సూపు గిన్నె మూత మోగింది.

మే 5, మంగళవారం

బాగానే మొదలైంది. ఎండ కాసింది. ఫొకాచా నగరం నుంచి తెప్పించాను. ఈసారి ఒక ముక్క ముంచుకుని తిన్నాడు కూడా. నివేస్ అలాంటి పని చేసే మనిషి కాదని రాత్రంతా తనకి తనే చెప్పుకున్నాడట. “గాజు పగిలితే అందరికంటే ముందు నాకు చెప్పేది. దానికి ఏదీ దాచడం రాదు,” అన్నాడు.

“మనుషుల్ని పూర్తిగా ఎవరు చూశారు,” అన్నాను.

అప్పుడు మంచం పక్క బల్ల మీద పునీతుడి బొమ్మ చూశాడు. ఎండ సరిగ్గా దాని మీదే పడింది. లేచి వెళ్ళి చేతిలోకి తీసుకున్నాడు. అంచు మీద బొటనవేలు పెట్టి చుట్టూ తిప్పాడు, పైన, పక్కన, కింద. నాలుగో పక్క దగ్గర వేలు ఆగింది.

“ఇటు పక్క గీత లేదేం?”

“పాతది కదండీ.”

“పాతబడితే అరుగుతుంది. ఇది కోసింది.”

“బచీచా కోసి ఉంటాడు.”

“ఎప్పుడు?”

“ఎప్పుడో. గుర్తులేదు. పారెయ్యడం ఎందుకని...”

బొమ్మని మెల్లగా యథాస్థానంలో పెట్టాడు. కొంచెం వంకరగా ఉంటే సరిచేశాడు కూడా. కాఫీ సగమే తాగాడు. తలుపు దగ్గర ఆగి, “వచ్చే మంగళవారం వస్తాను,” అన్నాడు. అక్కగారూ అనలేదు. ఎర్సీలియా గారూ అనలేదు.

మే 6

బొమ్మని సొరుగులో పెడదామనుకున్నాను. తర్వాత మానేశాను. పునీతుణ్ణి సొరుగులో పెట్టడం పాపం. అయినా మంచి అద్దం పగలగొట్టి పారేస్తానా, నేనలాంటి దాన్ని కాను.

మే 9

వస్తాననే కదా అన్నాడు. కోపం ఉంటే వస్తానని ఎందుకంటాడు?

మే 12, మంగళవారం

సముద్రం ఇవాళ చదునుగా ఉంది. బల్ల కిటికీ దగ్గరికి నేనే జరిపాను. ఫొకాచా వెచ్చగా ఉండాలని రుమాల్లో చుట్టి పెట్టాను. నీలం శాలువా. రెండు కప్పులు, రెండు చెంచాలు. ఆయన కప్పు సముద్రం కనబడే వైపు.

మెట్ల మీద అడుగులు వినబడుతున్నాయి. అవి ఆయనవే, మెత్తగా వేస్తాడు. ఆయన వెనక ఇంకెవరో, బరువైన బూట్లు. ఒకరో, ఇద్దరో.

ఇంకో రెండు కప్పులు కూడా తీసి పెడుతున్నాను. ఎందుకైనా మంచిది.